దారి ఛార్జీ

గోడౌన్ మీద చిన్న ఆఫీసు గది. మధ్యాహ్నం. ఓడలో ఇంజనీరుగా పనిచేసే తమ్ముడి భార్య మెట్లెక్కి పైకి వచ్చింది. విదేశాల నుంచి కుట్టుమిషన్ల మోటార్లు తెప్పించి అమ్మే అన్న, ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఓడ ఎక్కడుందో చూపించే సిగ్నల్ ఆపేస్తారమ్మా. అలాంటిచోట అందరూ ఆపేస్తారు. అది మామూలే."

"ఎలాంటిచోట బావగారూ?"

"అదే... ఓడలు ఎక్కువ తిరిగేచోట."

"ఓడలు ఎక్కువ తిరిగేచోట మేమున్నామని చెప్పుకుంటారు గానీ, ఎక్కడున్నామో తెలీకుండా ఆపేసుకుంటారా?"

"నువ్వు ముందు కూర్చో. అన్ని మెట్లెక్కి వచ్చావు. మంచినీళ్ళు తాగు."

"నీళ్ళు తాగడానికి రాలేదు. మంగళవారం పొద్దున తొమ్మిదీ పదికి ఈ ఆకుపచ్చ బాణం కనబడింది. ఆ తర్వాత లేదు. మూడు రోజులైంది. ఇదిగో, ఇక్కడ, నా వేలు ఉన్నచోట మాయమైపోయింది. చూడండి."

"ఫోన్‌లో బొమ్మల్ని నమ్మితే ఎలా అమ్మా? ఊరికే వచ్చే యాప్ అది. డబ్బు కట్టినవాళ్ళకే సరిగ్గా చూపిస్తుంది."

"మీరు కట్టారుగా. మీ కంప్యూటర్లో చూపించండి."

"కంప్యూటర్ ఆపేశాను."

"మీ వెనక వెలుగుతోంది. చూపించండి బావగారూ."

"అందులోనూ లేదమ్మా."

"ఎప్పటినుంచి?"

"మంగళవారం నుంచి."

"తొమ్మిదీ పది?"

"తొమ్మిదీ పదకొండు."

"పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేశానో తెలుసా మీకు? అక్కకి చేస్తే, ఆయన తెల్లారకముందే గోడౌన్‌కి వెళ్ళిపోయారు, టిఫిన్ కూడా చెయ్యలేదు అంది. గోడౌన్‌లో సరుకే లేదు కదా, ఈయనకి అక్కడేం పని అనుకున్నాను."

"సరుకు లేకపోయినా తాళం తియ్యాలి కదా."

"ఇప్పుడు కిందనుంచి వస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినబడింది. ఎప్పుడూ అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. అట్టపెట్టెల మధ్యలోంచి పక్కకి తిరిగి రావాల్సొచ్చేది."

"ఆఖరి పెట్టె పోయిన వారం పోయింది. పనివాళ్ళని కూడా పంపించేశాను. ఒక్క వాచ్‌మన్ ఉన్నాడు. వాడు దేనికి కాపలా కాస్తున్నాడో వాడికీ తెలీదు, నాకూ తెలీదు."

"మాట మార్చకండి."

"మార్చడంలేదమ్మా. నువ్వే అన్నావు గోడౌన్ అని."

"ఓడ చుట్టు తిరిగొస్తుందని మీరే కదా చెప్పారు. పాప పుట్టినరోజు నాడు, మా ఇంట్లో, అందరి ముందూ. మ్యాప్‌లో కింద చివరిదాకా వెళ్ళి చుట్టు తిరిగొస్తుంది, ఆలస్యం అవుతుంది గానీ ఏ భయం లేదు అని. ఆ మాట చెప్తూ రెండోసారి కేకు పెట్టించుకున్నారు."

"అప్పటికి అదే అనుకున్నాం."

"మరి ఈ బాణం కిందకి ఎందుకు తిరగలేదు? చూడండి, సోమవారం రాత్రి ఇక్కడ. మంగళవారం పొద్దున ఇక్కడ. ఇది ఆ సముద్రపు ఇరుకు కదా? టీవీలో రోజూ చూపించే ఇరుకు ఇదే కదా?"

"ఇరుకంటే మరీ సందేం కాదమ్మా. చాలా వెడల్పే ఉంటుంది. అటొడ్డు నుంచి ఇటొడ్డు కనబడదు."

"పోయిన నెల అందులో ఓ ఓడ తగలబడింది. రెండింటిని ఎవరో ఎటో తోలుకుపోయారు. వెడల్పు సంగతి నేనడగలేదు. ఓడ అక్కడికెందుకు వెళ్ళింది అని అడిగాను."

"దారి మారింది."

"దారి దానంతటదే మారదు కదా బావగారూ. ఎవరు మార్చారు?"

"అలాంటివన్నీ కెప్టెన్ చూసుకుంటాడు."

"కెప్టెన్ ఎవరినడుగుతాడు?"

"ఓనర్ని."

"ఓనర్?"

"ఓనర్... చూడమ్మా, నీకు ముందునుంచీ చెప్పాలి. లేకపోతే అర్థం కాదు. నన్ను తప్పుగా అనుకుంటావు."

"చెప్పండి. నాలుగింటికి పాపని స్కూలు నుంచి తీసుకురావాలి. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను."

"ఏడాది క్రితం వరకూ ఒక కంటైనర్ తెప్పించుకోవడం అంటే ఓ ఉత్తరం తెప్పించుకున్నట్టే. ఎక్కించేవాళ్ళు ఎక్కించేవారు, దించేవాళ్ళు దించేవారు. ఈ గొడవలు మొదలయ్యాక మొదట యుద్ధం ఛార్జీ అన్నారు. సరేనన్నాం. తర్వాత రేవులో రద్దీ ఛార్జీ. తర్వాత నూనె ఛార్జీ. ఖాళీ కంటైనర్లు దొరకడంలేదని ఓ ఛార్జీ. దొరికాక, దొరికినందుకు ఇంకో ఛార్జీ. ఆఖరికి మోటారు ఖరీదు కంటే దాన్ని తెచ్చుకునే ఖరీదు ఎక్కువైపోయింది. అదీ కట్టాం. కడితే ఏం చేశారు? మా కంటైనర్లని మధ్యలో ఏదో రేవులో దించేసి, మాకంటే ఎక్కువిచ్చినవాళ్ళ సరుకు ఎక్కించుకుపోయారు. రెండు నెలలు ఎండలో పడున్నాయి."

"ఇవన్నీ నాకు తెలుసు. ఆయనకీ మీరు ఇవే చెప్పేవారు ఫోన్‌లో."

"అందుకని నాలాంటివాళ్ళం పదకొండుమందిమి కలిశాం. కళ్ళజోళ్ళ అద్దాలాయన, కుళాయిల ఆయన, టైల్స్ ఆయన... అందరూ చిన్నవాళ్ళే. పెద్ద కంపెనీల కాళ్ళు పట్టుకోవడం కంటే మనమే ఓ చిన్న ఓడ మాట్లాడుకుందాం అనుకున్నాం."

"ఆయన పనిచేసే ఓడ."

"తెలిసిన ఓడైతే మోసం ఉండదని. వాడు ఇంజన్ గదిలో ఉంటే ఇంజన్ ఆగదని. అందులో తప్పేముందమ్మా? నా తమ్ముడు ఉన్న ఓడ అని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను."

"నేను తప్పనలేదు. ఓనర్ ఎవరినడుగుతాడు అని అడుగుతున్నాను బావగారూ."

"ఓడని మాట్లాడుకున్నవాళ్ళని."

"పదకొండుమందిలో ఎవరిని?"

"అందరినీ."

"ఎవరి ఫోన్‌కి వచ్చింది మెసేజీ?"

"నా ఫోన్‌కి."

"చదవండి."

"ఇప్పుడెందుకమ్మా అదంతా..."

"చదవండి. లేకపోతే ఇలా ఇవ్వండి, నేనే చదువుకుంటాను."

"వద్దు, వద్దు. చదువుతాను. 'చుట్టు దారి అయితే పద్దెనిమిది రోజులు ఎక్కువ పడుతుంది. అన్ని రోజుల అద్దె, నూనె ఖర్చు మీవే. దగ్గర దారి అయితే ఇన్సూరెన్సు పెంపు ఒక్కటే. సాయంత్రం లోపల ఏ దారో చెప్పండి.' అంతే."

"మీరేం రాశారు?"

"నేనొక్కణ్ణే రాయలేదు. అందరం కూర్చున్నాం. ఇదే గదిలో, కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూడా కూర్చున్నారు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆస్పత్రులకి కిడ్నీ ఫిల్టర్లు సప్లై చేసే ఆయన ఉన్నాడు చూడు, ఎప్పుడూ నోరెత్తడు, ఆయన లేచి, మా ఆస్పత్రిలో ఇంక పన్నెండు రోజులకే ఫిల్టర్లున్నాయి, పద్దెనిమిది రోజులు ఎక్కువంటే నేను వాళ్ళకేం చెప్పాలి అన్నాడు. ఆ మాటతో ఇంకెవరూ మాట్లాడలేదు."

"ఆయన్ని అడ్డం పెట్టుకోకండి. ఆయనకి ఒక కంటైనర్ ఉండి ఉంటుంది. మీ పదిమంది సరుకు ఆగితే ఎవరి ప్రాణం పోతుంది? కుట్టుమిషన్ మోటార్లు రాకపోతే ఎవరు చచ్చిపోతారు?"

"నేను. నిజంగానే అంటున్నాను. నీకు తెలీదు. మీ అక్కకీ తెలీదు. ఈ సరుకు రాకపోతే నేను ఈ మెట్లు దిగి ఇంటికి వెళ్ళలేను. పదిహేనేళ్ళ నుంచి నా దగ్గరే కొనే టైలర్లు, రోజూ ఫోన్ చేసి, వచ్చిందా అని అడిగి పెట్టేస్తారు. తిట్టరు. తిడితే బాగుండును."

"మీరేం రాశారు బావగారూ?"

"'దగ్గర దారి' అని రాశాను."

"అంతేనా?"

"'దగ్గర దారి. ధన్యవాదాలు' అని రాశాను."

"ధన్యవాదాలు."

"అలవాటమ్మా. ప్రతి మెసేజీకీ రాస్తాను."

"ఆ ఓడలో మీ తమ్ముడున్నాడని గుర్తుందా రాసేటప్పుడు?"

"ఉంది. అందుకే రాయకముందు వాడికి ఫోన్ చేశాను. నిజం. రేవులోనే ఉన్నారు అప్పటికి, ఫోన్ దొరికింది. ఒరేయ్, ఇలా అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు అన్నాను. వాడు నవ్వాడు. నువ్వు పెద్దాడివి, నన్నడుగుతావేంటి అన్నాడు. భయంగా ఉంటే చెప్పు, చుట్టు దారే పెట్టిస్తాను అన్నాను. ఆ మాట అన్నాను, ఒట్టు."

"ఆయనేమన్నారు?"

"'నాకంటే నీకే ఎక్కువ భయంగా ఉన్నట్టుందే అన్నయ్యా' అన్నాడు."

"మరి ఉందా?"

"ఉంది. కానీ వాడి గురించి కాదు ఆ భయం. అదే... అదేనమ్మా నన్ను తినేస్తోంది. ఆ పూట నాకున్న భయంలో వాడు లేడు. సరుకే ఉంది. ఏదైనా అను."

"ఏమనను?"

"ఓడలో పనిచేసేవాళ్ళకి దిగిపోయే హక్కుంది తెలుసా? అలాంటి దారిలో వెళ్ళేముందు, రానంటే రేవులోనే దింపెయ్యాలి. బలవంతం చెయ్యకూడదు. ముగ్గురు దిగిపోయారట కూడా. వాడూ దిగొచ్చు. దిగుతాడేమో అనుకున్నాను. దిగితే బాగుండును అని కూడా అనుకున్నాను ఒక పక్క. ఎందుకు దిగలేదో నాకు తెలీదు."

"నాకు తెలుసు."

"ఏంటి?"

"నాకు తెలుసు ఎందుకు దిగలేదో."

"నీకెలా తెలుసు?"

"ఆ రాత్రే నాకూ ఫోన్ చేశారు. మీరు మాట్లాడాక అనుకుంటా. దగ్గర దారిన వెళ్తున్నాం, ముగ్గురు దిగిపోతున్నారు, నన్నూ దిగిపొమ్మంటావా అని అడిగారు."

"అంటే నీకు ముందే తెలుసా? ఇందాకటి నుంచి నా చేత..."

"తెలుసు."

"మరి నువ్వేమన్నావు?"

"మీ ఇష్టం అన్నాను."

"మీ ఇష్టం అన్నావా?"

"మీ ఇష్టం అన్నాను. అప్పుడు నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, మీ ఇష్టం అన్నాను. నేను మీ ఇష్టం అంటే ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. పాపకి కూడా తెలుసు. ఆడుకోవడానికి వెళ్ళనా అంటే నీ ఇష్టం అంటాను, అది వెళ్ళదు."

"ఎందుకన్నావమ్మా?"

"మధ్యలో దిగొస్తే మళ్ళీ ఓడ దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది పోయినసారి. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో ఆయన గదిలోంచి గదిలోకి తిరుగుతుండేవారు. కుళాయి కారకపోయినా విప్పి బిగించేవారు. నాకు అది గుర్తొచ్చింది. అంతే. ఇంకేం గుర్తు రాలేదు. రెండు రోజుల దారే కదా అనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను. రెండు రోజులే కదా అని."

"మిమ్మల్ని నాలుగు తిడదామని వచ్చాను. దారంతా మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. తిట్టేస్తే నా గుండెలో ఉన్నది కొంచెం దిగుతుందనుకున్నాను."

"తిట్టు. నేనేం అనుకోను."

"రావడంలేదు."

"ముందు కూర్చో తల్లీ. ఎంతసేపని నిలబడతావు?"

"మీరు ఆ ఫోన్ చేతిలోంచి దించడంలేదు బావగారూ. నేను వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను. మూడు రోజుల నుంచి బాణం లేదని మీకు ముందే తెలుసు. దానికి ఇవాళ పొద్దున్నే పరిగెత్తుకొచ్చి ఇక్కడ కూర్చోరు. టిఫిన్ మానెయ్యరు. ఇంకేదో ఉంది."

"ఏం లేదు."

"ఉంది."

"ఏం లేదమ్మా, ఉంటే చెప్పనా?"

"మీరు ఇప్పటిదాకా ఒక్కటీ అడక్కుండా చెప్పలేదు. బావగారూ, నాన్చకండి. నా వల్ల కావడంలేదు."

"కళ్ళజోళ్ళాయన చేశాడు. పొద్దున అయిదున్నరకి. ఏదో వార్తల్లో చూశాడట. ఆ ఇరుకులో... ఓ చిన్న సరుకు ఓడ నుంచి పొగ వస్తోందని."

"పొగ."

"ఏ ఓడో చెప్పలేదు. పేరు లేదు. దూరంనుంచి తీసిన బొమ్మ అట. ఏదీ కంటికి ఆనలేదట. ఏ ఓడైనా కావచ్చు. రోజుకి వంద ఓడలు వెళ్తాయి."

"టీవీలో ఇప్పుడు అటు ఎవరూ వెళ్ళడంలేదంటున్నారు."

"తక్కువ వెళ్తున్నాయి. కానీ వెళ్తున్నాయి."

"ఎటువైపు నుంచి వస్తోందట పొగ? ముందునుంచా, వెనకనుంచా?"

"ఎందుకు?"

"ఇంజన్ గది వెనక ఉంటుంది. కింద. నీళ్ళకంటే కింద అని చెప్పారోసారి. పైకి రావాలంటే మూడు నిచ్చెనలెక్కాలి. చివరి నిచ్చెన దగ్గర తలుపు ఒక్కోసారి పట్టేస్తుంది, భుజంతో నెట్టాలి అనేవారు. ఎటునుంచి బావగారూ?"

"తెలీదు తల్లీ. ఒట్టు, తెలీదు."

"ఓనర్ ఆఫీసుకి చేశారా?"

"చేస్తూనే ఉన్నాను. ఎత్తడంలేదు. ఏజెంటుకి చేశాను, సమాచారం వచ్చాక చెప్తాం అంటాడు. నాలుగోసారి చేస్తే విసుక్కున్నాడు. సరుకుకి ఇన్సూరెన్సు ఉంది కదండీ, మీకెందుకు కంగారు అన్నాడు."

"అయ్యో."

"ఆ మాటకి ఫోన్ పెట్టేసి, ఇదిగో, ఈ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు చేస్తున్నావని కనబడుతూనే ఉంది. నీ పేరు వెలుగుతోంది, ఆరుతోంది. ఎత్తి ఏం చెప్పను?"

"ఫోన్ మోగుతోంది మీది."

"మోగనీ."

"తియ్యండి."

"కళ్ళజోళ్ళాయనే. పేరు కనబడుతోంది. కొత్తగా ఏదైనా తెలిసిందేమో. నాకు భయంగా ఉందమ్మా. నువ్వు తియ్యి."

"మీరే తియ్యండి."

"హలో. ఆఁ, చెప్పండి. లేదు. లేదండీ, ఏం తెలీలేదు. మీకు తెలిసిందా? మరి ఎందుకు చేశారు? ఏంటి? అద్దాలా? పగిలితే ఇన్సూరెన్సు వస్తుందా అనా? ఏమండీ, అందులో నా తమ్ముడున్నాడండీ. మీ అద్దాల సంగతి నన్నడక్కండి. ఇంకెప్పుడూ అడక్కండి. పెట్టెయ్యండి. పెట్టెయ్యండి అంటున్నాను."

"అద్దాల గురించా?"

"పొద్దున్నుంచి నేనూ లోపల లోపల అదే అనుకుంటున్నాను, తెలుసా. మోటార్లకి ఇన్సూరెన్సు ఉంది అని. ఆయన పైకన్నాడు, అంతే తేడా."

"మళ్ళీ మోగుతోంది."

"వీడు వదలడు."

"పేరు లేదు బావగారూ. పెద్ద నంబరు. చూడండి, ఎన్ని అంకెలో. బయటి దేశంది."

"ఓనర్ ఆఫీసై ఉంటుంది."

"తియ్యండి."

"ఇలాంటివి చెప్పడానికే ఆఫీసువాళ్ళు చేస్తారమ్మా. మంచిదైతే వాడే చేస్తాడు కదా."

"తియ్యండి. అందరికీ వినబడేట్టు పెట్టండి. ఏదైనా ఇద్దరం ఒక్కసారే విందాం."

"హలో... హలో? ఎవరండీ?"

"హలో. నేనేనండి మాట్లాడుతున్నాను. అన్నగారూ, వినబడుతోందా?"

"ఒరేయ్. ఒరేయ్, నువ్వేనా? ఎక్కడున్నావురా? ఎలా ఉన్నావురా?"

"బాగానే ఉన్నానండి. మేమందరం క్షేమంగా ఉన్నాం. మీరేమీ కంగారు పడొద్దు."

"మంగళవారం నుంచి ప్రాణాలరచేతిలో పెట్టుకుని కూర్చున్నాంరా. పొగ అన్నారు, ఏదో అన్నారు. మీ ఓడ కాదు కదా?"

"మా ఓడకి ఏమీ కాలేదండి. ఓడ బాగుంది. సరుకు కూడా బాగుంది. మీ మోటార్లు అన్నీ అలాగే ఉన్నాయి."

"మోటార్లు ఎవడిక్కావాలిరా. నువ్వు ఎక్కడున్నావు?"

"ఒడ్డుకి దగ్గర్లో ఆగామండి. తనిఖీ జరుగుతోంది. కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాం."

"ఏ ఒడ్డురా? ఏ రేవు?"

"ఆ వివరాలు నేను చెప్పకూడదండి. నిబంధన."

"తిండీ అదీ?"

"పెడుతున్నారండి. మమ్మల్ని బాగానే చూసుకుంటున్నారు. ఇక్కడ మన భాష తెలిసినాయన కూడా ఒకరున్నారు. నా పక్కనే కూర్చున్నారు. ఆయనే ఫోన్ ఇప్పించారు."

"మంచిదిరా. పరాయిచోట మన మాట మాట్లాడేవాడు దొరకడం అదృష్టం. ఆయనకి నా నమస్కారాలు చెప్పు."

"వింటున్నారండి. అన్నగారూ, ఒక విషయం జాగ్రత్తగా వినండి. కొత్తగా ఒక ఛార్జీ పడుతుంది. దారి ఛార్జీ. అది కడితేనే ఓడ కదులుతుంది."

"ఇంకో ఛార్జీనా?"

"ఎంతన్నది రేపు ఇదే నంబరు నుంచి చెప్తారు. మీకే చెప్తారు. బేరం ఆడకండి. ఆలస్యం చెయ్యకండి. ఏజెంటుకి చెప్పొద్దు. మధ్యలోకి ఎవరినీ తీసుకురాకండి. మీ పదకొండుమందీ సర్దుకుని కట్టెయ్యండి."

"కడతాంరా. ఇన్ని కట్టినవాళ్ళం అదొక్కటీ కట్టలేమా? ఇదిగో, మీ ఆవిడ ఇక్కడే ఉంది. మాట్లాడు. మాట్లాడమ్మా, మాట్లాడు."

"ఏమండీ..."

"హలో. మీరు బాగున్నారా?"

"..."

"వినబడుతోందా మీకు? పాప బాగుందా?"

"బాగుంది. మీరు... మీకు ఒంట్లో ఎలా ఉంది?"

"బాగుందండి. మీరు ధైర్యంగా ఉండండి. ఆ రోజు మీరు ఫోన్‌లో అన్న మాటకి బాధపడుతూ ఉంటారు. బాధపడకండి. దిగనన్నది నేనే. మీ తప్పేం లేదు."

"ఎప్పుడొస్తారు?"

"అన్నగారికి చెప్పినట్టు చేస్తే తొందరగానే వస్తాను. పాపని జాగ్రత్తగా చూసుకోండి. ఇంక పెట్టెయ్యమంటున్నారు. ఉంటానండి."

"ఏమండీ... ఒక్క నిమిషం... ఏమండీ."

"కట్ అయిందమ్మా. పోనీలే. పోనీలే, మాట వినబడింది కదా. చాలు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. విన్నావా, అందరూ క్షేమం అట. తిండి పెడుతున్నారట. సంతోషంతో ఏడుపొస్తోంది నాకు. నవ్వకు. కూర్చో. ఇప్పుడైనా నీళ్ళు తాగు. మీ అక్కకి ఫోన్ చెయ్యాలి. వాడి గొంతు విన్నావా, ఎంత నెమ్మదిగా మాట్లాడాడో. చిన్నప్పటినుంచీ ఒరేయ్ అన్నయ్యా అని వీధి చివరినుంచి అరిచేవాడు, ఇవాళ అన్నగారూ అట. పెద్దవాళ్ళ మధ్య తిరిగి వాడికీ మర్యాదలు పట్టుబడ్డాయి. ఉండు, ముందు కళ్ళజోళ్ళాయనకి చెప్తాను, పాపం ఇందాక మాట తూలాను."

"బావగారూ."

"ఒక్క నిమిషం. హలో, ఆఁ, నేనే. ఇందాకటిది మనసులో పెట్టుకోకండి. ఓడ దొరికిందండీ. మా వాడే మాట్లాడాడు. అందరూ క్షేమం. మీ అద్దాలూ క్షేమం. ఎక్కడో తనిఖీకి ఆపారట. అదేం కాదు గానీ, ఇంకో కొత్త ఛార్జీ వేశారండీ. దారి ఛార్జీ అట. నవ్వక ఏం చేస్తాం, నేనూ నవ్వాను. సాయంత్రం అందరినీ రమ్మనండి, ఎంతైనా తలా కాస్త వేసుకుని..."

"బావగారూ, ఆ ఫోన్ పెట్టెయ్యండి."

"ఉండమ్మా, చెప్తున్నాను కదా..."

"పెట్టెయ్యండి. ఇంకేం చెప్పకండి వాళ్ళకి. దయచేసి పెట్టెయ్యండి."

"మళ్ళీ చేస్తానండీ. ఆఁ, మళ్ళీ చేస్తాను. ఏంటమ్మా? ఏమైంది? అలా తెల్లబోయావేంటి? వాడు మాట్లాడాడు కదా. ఇప్పుడు కూడా భయమేంటి?"

"పెళ్ళయి పద్నాలుగేళ్ళు. ఆయన నన్ను ఒక్కసారి కూడా మీరు అనలేదు. కోపం వచ్చినప్పుడు కూడా అనలేదు."

"అదే కదా నేనూ అన్నాను. పక్కన ఎవరో ఉన్నారు కదా, పరాయివాళ్ళ ముందు మర్యాదగా..."

"ఆ పక్కన కూర్చున్నవాడికి మన భాష తెలుసు బావగారూ. ఒక్క మాట అటూ ఇటూ అయినా వాడికి తెలిసిపోతుంది. వాడికి అర్థం కాకుండా మనకి చెప్పడానికి ఆయనకి ఆ 'మీరు' ఒక్కటే మిగిలింది."

"ఏం చెప్పడానికి?"

"రేపు వాళ్ళు చెప్పబోయేది ఛార్జీ కాదు బావగారూ, ఆయన ఖరీదు."